ఎండలో నిలిచినవారి వాఙ్మూలము

కుంపిణీ నాటి కచేరీలు – 7వ ప్రకరణము

గత ప్రకరణమున సర్ తామస్ మన్రో దత్తమండలములలో రైతువారీ పద్ధతిని నెలకొల్పిన విధమును, 1820 దరిమిలా ఆ పద్ధతియే చెన్నపురి రాజధానిలో జమీందారీలు కాని సీమలకు చాలవఱకు వ్యాపించిన క్రమమును వివరించితిమి. శిస్తు ఎంతయని నిర్ణయించుట యొక పని. నిర్ణయించిన శిస్తును రైతు రొంటిముడినుండి విప్పించుట వేఱొక పని. మొదటి పనిని గూర్చి కుంపిణీవారు వ్రాసియుంచిన దస్త్రములు బండ్లకొలది యున్నవి. రెండవ పని ఎట్లు జరుగుచుండెనో ఊరనున్న ప్రతివానికిని తెలియును. కాని దానిని బహిరంగముగ విచారించి, బాధపడినవారి నోటనే విని, అచ్చు వేయించిన దినము 1855వఱకు రాలేదు. ఆ విచారణ ఎట్లు సంభవించెనో, దానియెదుట ఎవరు వచ్చి నిలిచిరో, దానివలన ఏమి ఫలించెనో తెలుపుట ఈ ప్రకరణమునకు విషయము.

'ముక్కు పిండి వసూలు చేసినాడు' అని మనము నేడు అప్పులవానిని గూర్చియో, చందాలు పోగుచేయువానిని గూర్చియో నవ్వుచు చెప్పుకొందుము. మన ముత్తాతల కాలమున శిస్తు వసూలు విషయమున అట్టిమాట అలంకారము కాదు, కన్నులార చూచిన సంగతి. తొడపాశము, కోదండము అనుమాటలు మనకు వీథిబడి పంతుళ్ల కథలలో వినబడి చిఱునవ్వు పుట్టించును. కాని తాలూకా కచేరీ చావడిలో, ఊరివారందఱు చూచుచుండగా, మనుమలనెత్తిన కాపు తొడకు బంట్రోతు తొడపాశము పెట్టినపుడు అచ్చట నవ్వినవాడెవడును లేడు.

ఒక్క చేతిలో రెండధికారములు

కుంపిణీవారు 1802లో బంగాళమునందలి కారన్‌వాలిసు పద్ధతి ననుసరించి చెన్నపురి రాజధానిలో జిల్లా న్యాయస్థానములను ఏర్పఱచినపుడు, నేరములను విచారించు అధికారమును జడ్జీలకును, శిస్తు వసూలును కలెక్టర్లకును వేఱువేఱుగ అప్పగించిరి. ఈ యేర్పాటు వ్యయభారము కలదనియు, దేశాచారమునకు పొసగదనియు తలచి డైరెక్టర్లు 1814లో మన్రోను ఒక విచారణ సంఘమునకు పెద్దను జేసి పంపిరి. ఆ సంఘము సిఫారసులను బట్టి 1816లో వెలువడిన శాసనములలో 11వ రెగ్యులేషను పోలీసు వ్యవస్థను గూర్చినది. దానివలన మేజిస్ట్రేటు అధికారము జడ్జీనుండి కలెక్టరునకు మాఱెను. తాలూకాలో తాసీల్దారే పోలీసు అధికారి యయ్యెను. గ్రామమున మునసబును, తలారియు అతని యాజ్ఞకు లోబడినవారైరి.

మన్రో ఉద్దేశమును శంకింపవలసిన పనిలేదు. గ్రామమునకు పరాయివాడైన దారోగాకంటె ఊరివారే ఊరిని కాచుకొనుట మేలని అతడు నిష్కపటముగ నమ్మెను. దత్తమండలములలో శిస్తు పంటలో నూటికి 45 వంతులవఱకు పడుచుండుట రైతునకు మోయరాని భారమని గుర్తించి, అందు నాలుగవ వంతు తగ్గింపవలెనని 1807లోనే వ్రాసినవాడు అతడే. 1827లో పత్తికొండలో కలరా సోకి అతడు గతించినపుడు సీమజనులు దుఃఖించి, బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. అయినను శాసనమును వ్రాసినవాని హృదయము శాసనముతోకూడ తాలూకా కచేరీకి పోదు. అచ్చటికి పోవునది అధికారము మాత్రమే.

ఆ యధికారము అచ్చట ఏమైనదో చూడుడు. శిస్తునకై రైతును పిలుచుకొనివచ్చు బంట్రోతే, దొంగతనము జరిగిననాడు అనుమానితుని పట్టితెచ్చు బంట్రోతు. బాకీదారును నిలిపియుంచు చావడియే నేరస్థుని బంధించు చావడి. కిస్తు చెల్లలేదని కోపించు తాసీల్దారే, ఎవడైన తనను కొట్టిరని మొఱపెట్టినచో ఆ మొఱను మొదట వినవలసిన పోలీసు అధికారి. వాన కురియక పైరెండినను, పంట కళ్లముననే యుండి ధాన్యము అమ్ముడుపోకున్నను కిస్తు గడువు ఆగదు. గడువులోపల తాలూకా మొత్తము చేరనిచో తాసీల్దారు ఉద్యోగమునకు ముప్పు. ఆ మొత్తము చేర్చుటకై రైతు వీపు చిట్లినచో అతనికి ముప్పేమియు లేదు. గుంటూరు మండలమున 1832–33 నాటి నందన కరవులో అయిదులక్షల జనములో రెండులక్షలవఱకు నశించిరని చెప్పుదురు. అట్టి సీమలో మిగిలి బ్రదికినవాని యింట ఏమి మిగిలియుండునో ఊహించుకొనవచ్చును. ఉన్నను ఇయ్యనివానికిని, లేక ఇయ్యలేనివానికిని భేదమును కనుగొనుటకు ఓపికయు, తీరికయు కావలయును. బంట్రోతునకు ఆ రెండును లేవు. అతని చేతిలో నున్నది కఱ్ఱ యొక్కటే.

పేరుపెట్టి పిలిచిన బాధలు

ఆ కాలమున శిస్తునకై జరిగిన నిర్బంధము చాలవఱకు కాగితముపైకి ఎక్కనిది. ఏ నేరమని చెప్పక, ఎన్నిదినములని గడువు పెట్టక, మనిషిని చావడిలో కూర్చుండబెట్టుదురు. అన్నమునకు పోనీయరు, కాలకృత్యములకు సైతము లేవనీయరు. ఇంటివద్ద పసులను కొట్టములో బంధించి మేతకు విడువనీయరు. ఆకలిగొన్న యెద్దుల అఱపు విని యజమానుడే దిగివచ్చునని వారి లెక్క. బాకీదారుని గుమ్మమున ఒక బంట్రోతును కూర్చుండబెట్టి, వాని దినభత్యమును బాకీదారుడే ఇచ్చుకొనునట్లు చేయుదురు. శిస్తు తీరకమునుపే భత్యమునకు ఇంటిలోని గింజలు తీరిపోవును.

వీనికి లొంగనివాని గతి ఎండ. మిట్టమధ్యాహ్నపు టెండలో కదలక నిలువవలెను. పాదములమీద గొంతుకూర్చుండబెట్టి మోకాళ్ల మడతలలో ఇటుకపెళ్లలు దూర్చుదురు. అతని పంచెతోనే, లేక గడ్డితాటితో, మెడనుండి కాలివ్రేళ్లక్రిందుగ బిగించి, మనిషిని విల్లువలె వంచి విడుతురు. కిట్టి యనునది కొయ్యతో చేసిన సాధనము. రెండుపలకలనడుమ చేతులనో, తొడలనో, చెవులనో ఉంచి, ప్రాణము కడగట్టువఱకు నొక్కుదురు. ఆడువారియెడ దానిని ప్రయోగించిన తీరును వ్రాయుటకు కలమాడదు. వ్రేళ్లు మెలిపెట్టి పిండుట, చెవులు నులుముట, కొరడాలతో కొట్టుట, ఇద్దఱు బాకీదారుల తలలు ఒండొంటికి తాటించుట, వారి జుట్లు వెనుకనుండి ముడివేయుట, బొండకొయ్యలో కాళ్లు బిగించుట మొదలగునవి ఇంకను ఎన్నియో కలవు.

ఈ జాబితాను చదువునపుడు ఒక్కసంగతి మనసును పట్టుకొనును. వీనిలో చాలభాగము ఒడలికంటె మానమునకు గుఱిపెట్టినవి. జుట్టును గాడిదతోకకో దున్నతోకకో కట్టి ఊరిలో త్రిప్పుట, ఎముకలు గ్రుచ్చిన దండను మెడలో వేయుట, తక్కువ కులమువాడని లోకమెంచిన మనిషిని తెచ్చి వీపుపై కూర్చుండబెట్టుట, ఇవి రక్తమును చిందింపవు; కాని ఊరిలో తలయెత్తుకొని తిరుగు మనిషికి ఆ తలను లేకుండ జేయును. కుల వ్యవస్థలోని క్రూరత్వమును సర్కారు బంట్రోతు తన కిట్టివలెనే ఒక సాధనముగ వాడుకొనెను. ఆ పనికై ఈడ్చుకొని రాబడి, తన తాకిడియే ఇతరునకు దండనమని ఊరందఱి యెదుట చాటబడిన ఆ నిఱుపేదకు జరిగిన అవమానమునకు మాత్రము ఏ జాబితాలోను చోటు లేదు. మన మిప్పుడైన దానిని లెక్కలో చేర్చుకొనవలెను.

నేరమును ఒప్పించుటకు పోలీసు బంట్రోతులు చేయు బాధలు ఇంకను ఘోరములు. చేయియో కాలో అంతటను త్రాటితో బిగించి రక్తము ఆడకుండ జేయుట, పెడఱెక్కలు విఱిచికట్టి వ్రేలాడదీయుట, మీసములు పట్టి పైకెత్తుట, కాల్చిన యినుముతో వాతలు పెట్టుట, నూతిలోనో యేటిలోనో ఊపిరాడనంతవఱకు ముంచుట, నిద్రపోనీయకుండుట, కన్నులలో మిరపపొడి చల్లుట, గీరెడు పురుగును బొడ్డుపై ఉంచుట. ఇట్టి బాధకు ఓర్వలేక 'నేనే చేసితిని' అన్నవాని మాట పైయధికారి యెదుట నేరస్థుని ఒప్పుకోలుగ దాఖలగును. సొత్తు పోగొట్టుకొన్నవాడు న్యాయము జరిగినదని సంతోషించును. అసలు దొంగ తన యింట హాయిగ నిద్రించును.

ఒక వర్తకుడు, ఒక పార్లమెంటు సభ్యుడు

ఈ గుట్టును సముద్రము దాటించిన ప్రధాన పురుషుడు మన తెలుగువాడు. గాజుల లక్ష్మీనరసు శెట్టి 1806లో చెన్నపట్టణమున జన్మించెను. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందును, రుమాళ్లను వ్యాపారము చేసినవాడు. కుమారుడు ఆ వ్యాపారమును పెంచి గొప్ప ధనవంతుడయ్యెను. ఆ ధనమును మేడలకును, మేజువాణులకును వెచ్చించియున్నచో నేడు అతని పేరు మనకు తెలియకపోవును. 1844లో అతడు 'క్రెసెంటు' అను ఆంగ్లపత్రికను నెలకొల్పి స్వదేశీయుల కష్టములను దానిలో ప్రకటింప నారంభించెను. 1852 ఫిబ్రవరిలో మదరాసు నేటివ్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించి, చెన్నరాజధాని ప్రజల బాధలను పార్లమెంటునకు విన్నవించుకొనుటకు పూనుకొనెను. కుంపిణీ పట్టాను పార్లమెంటు తిరిగి పరిశీలింపవలసిన గడువు 1853లో వచ్చుచుండుటచే అది తగిన సమయము.

ఇంగ్లండులో ఆ 1853లోనే ఇండియా రిఫారమ్ సొసైటీ అను సంఘము ఏర్పడెను. దాని అధ్యక్షుడును, పార్లమెంటు సభ్యుడును అగు హెన్రీ డాన్బీ సేమరు అర్జీలలోని సంగతులు నిజమో కాదో తన కన్నులతోనే చూడదలచి ఆ యేడు చెన్నపట్టణమునకు వచ్చెను. లక్ష్మీనరసు శెట్టి ఆయనను వెంటబెట్టుకొని మండలములు తిరిగెను. పట్టణమున మేడపై కూర్చుండి అర్జీ వ్రాయుట ఒక యెత్తు. అయిదాఱు భాషలు మాట్లాడు సీమలో, దుమ్ముదారులలో, దొరను తీసికొనిపోయి రైతుల యెదుట నిలిపి, వారి మాటను వారి నోటనే వినిపించుట వేఱొక యెత్తు. ఆనాటి మన దేశీయులలో ఈ రెండవ పనిని తలపెట్టినవారు అరుదు.

1854 జూలైలో చెన్నరాజధాని భూమిశిస్తు విషయము కామన్సు సభలో చర్చకు వచ్చినపుడు, శిస్తు వసూలునకై రైతులను చిత్రహింసలు పెట్టుచున్నారని సేమరు నిండుసభలో చెప్పెను. కుంపిణీ పక్షమువారు అది నమ్మదగినది కాదనిరి. ఈ దేశమున ఏండ్లకొలది ఉద్యోగము చేసినవారికి అట్టిది కంటబడలేదను వాదము వచ్చెను. చావడిలో జరుగునది బంగళాకు వినబడదు. వినబడలేదు గనుక జరుగలేదని వారు తలచిరి. కాని సభలో పలుకబడిన మాట నీటిపై వ్రాతవలె చెరిగిపోలేదు. సంగతిని విచారింపుమని చెన్నపురి ప్రభుత్వమునకు ఉత్తరువు వచ్చెను.

వేయిన్ని తొమ్మిదివందల యేబదితొమ్మిది

అప్పుడు చెన్నపురి గవర్నరు లార్డు హారిసు. 1854 సెప్టెంబరులో ప్రభుత్వమువారు ముగ్గురు సభ్యులతో విచారణ సంఘమును నియమించిరి. చెన్నపట్టణమున ముఖ్య మేజిస్ట్రేటుగను, పోలీసు అధికారిగను ప్రసిద్ధుడైన ఇ. ఎఫ్. ఎలియట్ ఒకడు, నేటికిని బెసెంటునగరమునందలి ఎలియట్సు బీచి అతని పేరనే చెలామణి యగుచున్నది. సివిలు ఉద్యోగియైన హెచ్. స్టోక్సు రెండవవాడు. మూడవవాడు బారిస్టరు జాన్ బ్రూసు నార్టను. దక్షిణదేశమున న్యాయపరిపాలన యెంత లోపభూయిష్ఠముగ నున్నదో 1853లోనే గ్రంథము వ్రాసి అధికారుల యాగ్రహమునకు వెఱవనివాడు. మొదట శిస్తునకై చేయు హింసలనే విచారింపవలెనని యుండగా, నేరములను ఒప్పించుటకై పోలీసులు చేయు హింసలనుకూడ తరువాత సంఘము పరిధిలో చేర్చిరి. దేశభాషలలో ప్రకటనలు మండలములకు పోయినవి. బాధపడినవారు స్వయముగ వచ్చి చెప్పుకొనవచ్చును, లేక వ్రాసి పంపవచ్చును.

పాఠకులు ఇచ్చట ఒక్కక్షణమాగి ఆ కాలమును మనసునకు తెచ్చుకొనవలెను. చెన్నపట్టణమునుండి తొలి రైలుబండి కదలినది 1856లో. ఈ విచారణనాటికి ఆ పట్టాలపై రాకపోకలు లేవు. గంజాము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, మచిలీబందరు, గుంటూరు, నెల్లూరు, కడప, బళ్లారి మొదలుకొని దక్షిణమున తిరునల్వేలివఱకు వ్యాపించిన రాజధాని. రెండుకోట్లకు మించిన జనము. విచారణ సంఘము కూర్చున్నది పట్టణమున. అది యేళ్లు పొంగు ఋతువు, మడిలో నీరు నిలిచిన కాలము. ఆ కాలమున చేనువిడిచి, బత్తెపుమూట కట్టుకొని, దారిలో సత్రముల అరుగులపై పరుండి, ముక్కు మొగము తెలియని దొరల యెదుట నిలిచి 'మా తాసీల్దారు నన్నిట్లు చేయించెను' అని చెప్పవలెను. చెప్పి తిరిగి పోవలసినది ఆ తాసీల్దారు ఏలుబడిలోని యూరికే.

అయినను వచ్చిరి. 519 మంది స్వయముగ వచ్చి సంఘము నెదుట నిలిచిరి. 1,440 మంది వ్రాసి పంపిరి. మొత్తము ఫిర్యాదులు 1,959. సంఘమునకు దండించు అధికారము లేదు, పరిహారమిప్పించు అధికారము లేదు. వచ్చినవాని చేతికి దక్కునది దారిబడలిక తప్ప మఱేమియు లేదు. అట్లని తెలిసియో తెలియకయో వచ్చిన ఆ 519 మందిని తలచుకొన్నపుడు నాకు మిక్కిలి గౌరవము కలుగును. మన చరిత్రగ్రంథములలో యుద్ధము చేసినవారి పేర్లున్నవి, కోటలు కట్టినవారి పేర్లున్నవి. తన మేనికి జరిగిన అవమానమును తన నోటనే చెప్పుట, దానిని ఒకడు వ్రాసికొనుచుండగా నోరు తడబడక నిలుచుట, అదియు ఒక శౌర్యమే. బాధపెట్టువాడు కోరునది ధనము మాత్రమే కాదు. జరిగినది ఇంకొకనికి చెప్పుకొనరాని సిగ్గునుకూడ అతడు కోరును. ఆ సిగ్గును వదలించుకొని నోరు విప్పిననాడే అతని బలము సగము తఱిగిపోవును.

అర్జీ నడిచిన దారి

ఇన్ని యేండ్లు వీరు ఏల మొఱపెట్టలేదు అని దొరలు అడిగిరి. పెట్టితిమి అనునదియే పలువురు చెప్పిన యుత్తరము. సంఘము నివేదికలో నాకు మిక్కిలి ముఖ్యముగ తోచు భాగమిది.

రైతు అర్జీ వ్రాయించుకొని హుజూరు కచేరీకి పోవును. వ్రాసినవానికి కూలి, కాగితమునకు వెల, కలెక్టరు మకాము మార్చుచున్నచో ఆయన వెంట ఊరూరు తిరుగుటకు బత్తెము. ఎట్టకేలకు అర్జీ దొరచేతికి చేరినను, దానిపై ఆయన వ్రాయు పంక్తి యేమి? విచారించి తెలుపవలసినదిగ తాసీల్దారునకు పంపుట. అర్జీ ఏ తాసీల్దారుమీద పుట్టినదో ఆ తాసీల్దారు చేతికే తిరిగివచ్చును. అతడు విచారించి ఫిర్యాదు అబద్ధమని వ్రాయును. ఆపైన అర్జీదారుని రప్పించును. ఆ రప్పించిననాడు చావడిలో ఏమి జరుగునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

కొల్లిడమునదిపై వంతెన కట్టుచున్న కాలమున ఒక బ్రాహ్మణుని పలకలు, బొగ్గు, వంటచెఱకు ఊరక ఇమ్మని తాసీల్దారు అడిగెను. అతడు ఈయననెను. పండ్రెండుగురు బంట్రోతులు వచ్చి పట్టుకొని బాధించిరి. అతడు ఉపకలెక్టరుతో మొఱపెట్టుకొనగా ఆ దొర విచారింపక, అర్జీని చింపివేసెనని అతడు సంఘమునకు వ్రాసికొనెను. తక్కువ ఖర్చుతో వంతెనను ముగించి సర్కారువద్ద మంచిపేరు సంపాదింపగోరిన యధికారికి ఆ వంతెనక్రింద నలిగిన బీదవాని గోడు వినబడదని అతని తాత్పర్యము. నది దాటుటకు వంతెన కావలసినదే. కాని పేదవాని వీపును స్తంభముగ నిలిపి కట్టిన వంతెనవలన కలిగిన కీర్తి ఎవనిది, దాని వెల చెల్లించినవాడెవడు అను ప్రశ్నను ఆ పేరులేని విప్రుడు నూటడెబ్బది యేండ్లక్రిందటనే అడిగియున్నాడు.

ఒకవేళ కేసు న్యాయస్థానమువఱకు పోయినను సాక్ష్యము కావలయును. ఎండలో నిలువబెట్టిన దానికి మచ్చ యుండదు. నిద్రపోనీయని రాత్రికి సాక్షి చీకటి యొక్కటే. తొడపాశపు కమిలిక జడ్జీవద్దకు చేరునప్పటికి మానిపోవును. చావడిలో చూచినవారు ఊరికరణమును, తలారియు, బంట్రోతులును. వారిలో ఎవడు నోరు విప్పును? కావుననే నిరూపణము లేదని కొట్టివేయబడిన కేసులు పెక్కు. శిక్షపడినవి కొన్నియే, ఆ శిక్షలును స్వల్పములు.

నివేదిక చెప్పినదియు, చెప్పనిదియు

1855 ఏప్రిల్‌లో సంఘము తన నివేదికను సమర్పించెను. పార్లమెంటులో కాదన్నవారి మాట నిలువలేదు. శిస్తు వసూలునకై చిత్రహింస దేశమున సామాన్యముగ వ్యాపించియున్నదనియు, నేరములను ఒప్పించుటకై పోలీసులును హింసించుచున్నారనియు, పూర్వముకంటె దాని తీవ్రత కొంత తగ్గుచున్నను ఆచారము నిలిచియేయున్నదనియు, బాధితునకు న్యాయము దొరకుట కడు దుర్లభమనియు ముగ్గురు సభ్యులును ఏకవాక్యముగ నిర్ణయించిరి. మూలకారణమునుకూడ వారు గుర్తించిరి: శిస్తును, పోలీసును ఒక్కచేతిలో నుంచరాదు, పోలీసుదళమును రెవెన్యూ ఉద్యోగులనుండి వేఱుచేయవలెను.

తమ ప్రభుత్వమే నియమించిన ముగ్గురు ఇంత నిష్పక్షపాతముగ వ్రాయుట ప్రశంసనీయము. అయినను నివేదికలో ఒకవైపు వెలుతురు తక్కువ. హింసించినది దేశీయోద్యోగులే, ప్రజల మొఱ దొరలమీద కాదు, తమ తోటివారిమీదనే, ఇంగ్లీషు అధికారులు ఈ పనిని అసహ్యించుకొందురు అని వారు నొక్కి చెప్పిరి. కఱ్ఱ పట్టినది దేశీయుడే, నిజము. ఆ నిజమును మనము దాచుకొనరాదు. బంట్రోతు మనవాడే, తాసీల్దారు మనవాడే, నోరుమూసికొని చూచిన కరణమును మనవాడే. కాని ఆ కఱ్ఱకు పని కల్పించిన మొత్తమును నిర్ణయించినదెవరు? గడువు పెట్టినదెవరు? వసూలు తగ్గినచో సంజాయిషీ అడిగినదెవరు? అర్జీని తిరిగి తాసీల్దారునకు పంపినదెవరు? చేయి ఒకనిది, ఆ చేతికి వచ్చిన యాజ్ఞ ఇంకొకనిది, ఆ యాజ్ఞవలన నిండిన బొక్కసము వేఱొకనిది అయినపుడు నేరమునంతయు చేతిపై మోపుట సులభము. సంపూర్ణ సత్యము మాత్రము కాదు. 1857 సెప్టెంబరులో, ఉత్తరదేశమున తిరుగుబాటు చెలరేగియున్న దినములలో, కారల్ మార్క్సు న్యూయార్కు డెయిలీ ట్రిబ్యూను పత్రికలో ఈ నివేదికను విమర్శించుచు ఇంచుమించు ఈ యంశమునే ఎత్తిచూపెను. సత్రపు టరుగులపై పరుండుచు చెన్నపట్టణమునకు నడచివచ్చిన రైతుల వాఙ్మూలము రెండేండ్లలో అమెరికాఖండమునకు చేరుట చరిత్రలోని ఒక వింత.

తరువాత

నివేదిక అటకపై పడి చెదలు తినలేదు. 1859లో 24వ ఆక్టుగ చెన్నపురి పోలీసు శాసనము వెలువడి, పోలీసుదళము తాసీల్దారు చేతినుండి తప్పింపబడి ప్రత్యేకాధికారుల క్రిందికి వచ్చెను. 1861లో వచ్చిన 5వ ఆక్టు దేశములోని తక్కిన రాష్ట్రములకును అట్టి యేర్పాటునే చూపెను. 1860 నాటి శిక్షాస్మృతియందు, ఒప్పుకోలునకై గాని, బాకీ రాబట్టుటకై గాని గాయపఱచుట నేరమని 330వ సెక్షను విధించినది. దాని క్రింద నున్న ఉదాహరణములను చదివినవారికి మన చావడి కన్నులకు కట్టును: నేరము ఒప్పించుటకు హింసించు పోలీసు అధికారి, శిస్తుబాకీకై హింసించు రెవెన్యూ అధికారి, కౌలు రాబట్టుటకై రైతును హింసించు జమీందారు. పోలీసు అధికారితో చేసిన ఒప్పుకోలు న్యాయస్థానమున చెల్లదను నియమము 1861 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులో ప్రవేశించి, 1872 నాటి సాక్ష్యశాసనమున 25వ సెక్షనుగ స్థిరపడినది. లక్ష్మీనరసు శెట్టి 1863లో చెన్నపురి శాసనసభలో సభ్యుడై, 1868లో దివంగతుడయ్యెను. 1859 శాసనమును అతడు కన్నులార చూచెను. 1872 నాటి దానిని చూడలేదు.

శాసనము మాఱినంతమాత్రమున చావడి మాఱలేదు. 1902–03లో ఫ్రేజరు అధ్యక్షతను కూర్చున్న పోలీసు విచారణ సంఘము దేశమంతట తిరిగి, ఆ దళమునందు అవినీతియు, పీడనయు నిండియున్నవని వ్రాయవలసివచ్చెను. తాసీల్దారు చేతినుండి తప్పిన కఱ్ఱ వేఱొక చేతిలో అట్లే యుండెను. స్వతంత్ర భారతమున రాజ్యాంగము 20వ అధికరణమున, తనకు ప్రతికూలముగ తానే సాక్ష్యమిచ్చునట్లు నిందితుని బలవంతపెట్టరాదనియు, 22వ అధికరణమున, నిర్బంధించినవానిని 24 గంటలలోపల మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెననియు శాసించెను. 1996 డిసెంబరులో డి. కె. బసు కేసున సుప్రీముకోర్టు, నిర్బంధమునకు సాక్షి సంతకముతో పత్రము వ్రాయవలెననియు, బంధువులకు కబురు చేయవలెననియు, నిర్బంధములోని వానిని 48 గంటల కొకమాఱు వైద్యునిచే పరీక్షింపజేయవలెననియు ఆజ్ఞాపించెను. మచ్చ మానిపోకమునుపే దానిని చూచు కన్ను ఒకటి యుండవలెనన్న తలంపు అందున్నది. సాక్షి లేని చావడిలో నలిగిన 1854 నాటి రైతు కోరినదియు ఇదియే. చిత్రహింసల నిషేధమును గూర్చిన అంతర్జాతీయ ఒడంబడికపై మన దేశము 1997లో సంతకము చేసినది. ధ్రువీకరణము ఇంకను జరుగలేదు.

1,959 ఫిర్యాదులలో మనకు ముఖ్యముగ వినబడునది బాధను గూర్చిన గోడుకంటె, ఆ గోడు నడిచిన దారిని గూర్చిన గోడు. కొట్టినవాడు ఉండును, కొట్టించినవాడు ఉండును. మనుష్యులలో క్రూరులు ఏ కాలమునను కొఱతపడరు. కాని అర్జీ ఎవనిమీద వ్రాయబడినదో వాని చేతికే అర్జీ తిరిగిపోవు రాజ్యమున మంచివాడైన అధికారియు క్రూరునకు తోడుపడినవాడే యగును. ఆ రైతులకు రాజ్యాంగ పరిభాష తెలియదు, హక్కులను మాటయు తెలియదు. తాసీల్దారుకంటె వేఱైన చెవి ఒకటి కావలెనని మాత్రము తెలియును. దానికొఱకే వారు చేలు విడిచి నడచిరి.

రాబోవు ప్రకరణమున 1859 నాటి పోలీసు శాసనము పుట్టిన విధమును, తలారియు తాసీల్దారును చేసిన కొలువునకు కొత్త కానిస్టేబులు వచ్చినపుడు మన పల్లెలలో కలిగిన మార్పులను వివరింతుము.